పసిపిల్లల బరువు, ఇంటిల్లిపాది ఆరోగ్యం: గుంటూరు, విజయవాడ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల ఎత్తు, బరువు కొలిచి, ఇంట్లో ఏం వండుతున్నారో, బిడ్డ ఎన్నింటికి పడుకుంటోందో అడిగి రాసుకునే పరిశోధనలో పనిచేస్తున్నాను. గుంటూరులోనైనా విజయవాడలోనైనా, కొలతలు పూర్తయ్యి మేము సామాను సర్దుకునేలోపు తల్లులు, నానమ్మలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. గుమ్మంలో నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పే జవాబు వాటికి చాలదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ బిడ్డకు ఏదైనా ఇబ్బంది కనిపిస్తుంటే మాత్రం ఇది చదివి ఊరుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

మా బాబుకు పది నెలలు. బాగా బొద్దుగా ఉన్నాడు. ఇది ఊబకాయమేనా?

చూపుతో చెప్పలేం. ఆ వయసులో బుగ్గలు నిండుగా ఉండటం, తొడల మీద మడతలు పడటం మామూలే. పుట్టినప్పటి బరువు ఐదో నెలకల్లా రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. అంత వేగంగా పెరిగే వయసులో బరువు ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. పొడవుకు తగ్గ బరువు ఉందా లేదా అన్నది చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పెరుగుదల గీతల మీద ఆ బరువు మధ్య గీతకు రెండు మెట్లు పైకి వెళ్తే అధిక బరువనీ, మూడు మెట్లు దాటితే ఊబకాయమనీ అంటారు. ఐదేళ్లు దాటిన పిల్లలకు వేరే లెక్క ఉంటుంది.

"ఆ గీతలు తెల్లవాళ్ల పిల్లలవి, మనకు పనికిరావు" అని కొందరు పెద్దలు కొట్టిపారేస్తారు. ఆ గీతల కోసం ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు. అందులో మన దేశం కూడా ఉంది, దక్షిణ ఢిల్లీ పిల్లలు. తల్లిపాలు తాగి, మంచి ఆరోగ్య పరిస్థితుల్లో పెరిగిన పసిపిల్లలు ఏ దేశంలోనైనా దాదాపు ఒకేలా పెరుగుతారని ఆ అధ్యయనంలో తేలింది.

ఒక జాగ్రత్త. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, ఆ తర్వాత నిలబెట్టి. ఒకే బిడ్డకు ఈ రెండు కొలతల మధ్య 0.7 సెంటీమీటర్ల దాకా తేడా వస్తుంది. ఒకసారి అలా, ఇంకోసారి ఇలా కొలిచి "నెలలో పెరగనే లేదు" అని కంగారు పడేవాళ్లు చాలామంది. గీత పైకి వెళ్లిందని తెలిసినా సరే, ఏడాదిలోపు బిడ్డకు పాలు తగ్గించడం, డబ్బా పాలు పలచగా కలపడం చేయకండి. అది ప్రమాదం.

ఇప్పుడు లావుగా ఉన్నా నడక వచ్చాక సన్నబడతారు అంటారు. నిజమేనా?

కొంత నిజం. ఏడాది దాటాక పిల్లలు ఎత్తు పెరుగుతూ సన్నబడతారు. ఐదారేళ్ల ప్రాంతంలో అందరికంటే సన్నగా కనిపించి, ఆ తర్వాత మళ్లీ ఒళ్లు చేయడం మొదలవుతుంది. ఈ మలుపు ఏ వయసులో వస్తుందన్నది పరిశోధకులు చాలా శ్రద్ధగా చూసే విషయం. ఆరేళ్లకు రావాల్సింది మూడు, నాలుగేళ్లకే వచ్చేస్తే పెద్దయ్యాక అధిక బరువు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇక్కడ మనకు బాగా పనికొచ్చేది ఢిల్లీ అధ్యయనం. 1969–72 మధ్య పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చి, వాళ్లకు 26–32 ఏళ్లు వచ్చాక షుగర్ పరీక్ష చేశారు. ఫలితాలు 2004లో వచ్చాయి. షుగర్ వచ్చినవాళ్లు, దాని అంచున ఉన్నవాళ్లు రెండేళ్లప్పుడు బొద్దుగా ఉన్నవాళ్లు కారు. అప్పుడు సన్నగా ఉండి, ఆ మలుపు తొందరగా వచ్చి, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య తోటి పిల్లలకంటే వేగంగా ఒళ్లు చేసినవాళ్లు. పన్నెండేళ్ల వయసులో వాళ్లలో ఒక్కరు కూడా ఊబకాయులు కారు. చూడ్డానికి మామూలు పిల్లలే.

అందుకే మేము ఒక్క రోజు బరువు చూసి మాట్లాడం. గీత ఎటు పోతోందో చూస్తాం. మూడేళ్ల నుంచి ఏడేళ్ల మధ్య కనీసం ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు రెండూ కొలిపించి రాసిపెట్టుకోండి. టీకాలు అయిపోయాక తల్లీబిడ్డల కార్డును బీరువాలో పడేసి మర్చిపోతారు. ఆ కార్డు అవసరం అప్పుడే మొదలవుతుంది.

మన దగ్గర ఇంకా పిల్లలు తిండి చాలక బక్కచిక్కి ఉన్నారు కదా. ఊబకాయం మీద పరిశోధన ఎందుకు?

ఈ ప్రశ్న ఎక్కువగా అంగన్‌వాడీ టీచర్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అంటే ఈ రెండూ రెండు వేర్వేరు ఊళ్ల కథలు కావు. తల్లికి బరువు ఎక్కువ, బిడ్డకు ఎత్తు తక్కువ, ఇద్దరికీ రక్తం తక్కువ ఉన్న ఇళ్లు మేము చూస్తూనే ఉంటాం.

ఐదేళ్లలోపు అధిక బరువు దేశంలో 2015–16లో 2.1 శాతం, 2019–21లో 3.4 శాతం. ఈ అంకె చిన్నదని ఊరట చెందడానికి లేదు. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ల పిల్లల్లో అధిక బరువు 5 శాతమే కనిపించింది. కానీ షుగర్‌కు ముందు దశలో ఉన్నవాళ్లు 10 శాతం. సన్నగా ఉన్నవాళ్లలోనూ లోపల ఏదో జరుగుతోందన్నమాట.

అదేమిటో పుణేలోని కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూపించింది. 1993లో మొదలైన ఆ అధ్యయనంలో పుణే చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చారు. మన పిల్లలు సగటున 2.7 కిలోలు, వాళ్లు 3.5 కిలోలు. కండ, పొట్ట కొలత, ఎత్తు, అన్నీ మన పిల్లలకు తక్కువ. వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నటి ఒంట్లో కొవ్వు వాటా ఎక్కువగా ఉండేలా పుడుతున్నారు. అలాంటి బిడ్డకు "బరువు పెరగాలి" అని పంచదార, నూనె, బిస్కట్లు దట్టిస్తే పెరిగేది ఎక్కువగా కొవ్వే.

మరి బక్కపిల్లలకు తిండి పెట్టడం తప్పా? కానే కాదు. దీనికి జవాబు మన తెలుగు నేల మీదే దొరికింది. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో కొన్నిచోట్ల గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది, కొన్నిచోట్ల అప్పటికింకా ఆ పథకం రాలేదు. ఆ పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చాక 29 ఊళ్లలో మళ్లీ వెతికి పట్టుకుని పరీక్షించారు. చిన్నప్పుడు ఆహారం అందినవాళ్లు సెంటీమీటరున్నర దాకా ఎక్కువ ఎత్తు ఉన్నారు, ఒంట్లో కొవ్వు పెరగలేదు, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ఈ ఫలితాలు 2008లో ప్రచురించారు. కడుపులో ఉన్నప్పుడు, తొలి ఏళ్లలో సరైన తిండి పెడితే పోషకాహార లోపానికీ తర్వాతి జబ్బులకూ ఒకే మందు పడినట్టు. అంగన్‌వాడీ గుడ్డును తేలిగ్గా చూడొద్దని మేము పదే పదే చెప్పేది ఇందుకే.

నాకు కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది. పాపకూ వస్తుందా?

వస్తుందని కాదు, అవకాశం కొంత పెరుగుతుంది. ప్రసవం కాగానే షుగర్ తగ్గిపోయిందని చాలామంది ఆసుపత్రి వైపు చూడరు. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మీరు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాత కూడా ఏటా చూసుకుంటే మంచిది. పాపకు తల్లిపాలు, వేళకు నిద్ర, పెరుగుదల మీద ఓ కన్ను. ఇంకో బిడ్డను కోరుకుంటుంటే ముందే బరువు, షుగర్ చూసుకోవడం ఆ బిడ్డకు మీరు చేయగల పెద్ద మేలు.

అన్నప్రాసన అయ్యాక ఏం పెట్టాలి? పంచదార, హెల్త్ డ్రింకులు ఇవ్వొచ్చా?

ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు మాత్రమే. తర్వాత తల్లిపాలు కొనసాగిస్తూ మెత్తగా మెదిపిన అన్నం, ముద్దపప్పు, కొంచెం నెయ్యి, ఉడికించిన గుడ్డు, తోటకూర, అరటిపండు, ముళ్లు తీసిన చేప. మన వంటింట్లో ఉన్నవే. ఉగ్గు చారునీళ్లలా జారిపోతే బిడ్డ పొట్ట నీళ్లతో నిండుతుంది. చెంచా వంచితే మెల్లగా జారేంత చిక్కగా ఉండాలి.

రెండేళ్లు నిండే వరకు పంచదార, బెల్లం, తేనె కలపకండి. తేనె అయితే ఏడాదిలోపు అసలు నాకించకూడదు, అందులో ఉండే క్రిములతో ప్రాణం మీదికి రావచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలూ పసిపిల్లలకు పంచదార వద్దనే చెబుతున్నాయి. దీని వెనక ఉన్న ఆధారాల్లో నన్ను బాగా కదిలించింది బ్రిటన్‌ది. రెండో ప్రపంచయుద్ధం నుంచి అక్కడ పంచదార రేషన్ మీద ఇచ్చేవారు. 1953 సెప్టెంబరులో రేషన్ ఎత్తేశారు, వాడకం దాదాపు రెట్టింపైంది. ఆ తేదీకి కాస్త ముందు పుట్టినవాళ్లనూ తర్వాత పుట్టినవాళ్లనూ వాళ్ల యాభై, అరవై ఏళ్ల వయసులో పోల్చి చూస్తే, గర్భంలో, తొలి రెండేళ్లలో పంచదార తక్కువ దొరికినవాళ్లకు షుగర్ వ్యాధి 35 శాతం, బీపీ 20 శాతం తక్కువ. ఆ అధ్యయనం 2024లో వచ్చింది. ఎవరూ ఏ తల్లికీ క్లాసు పీకలేదు. పంచదార తక్కువ దొరికింది, అంతే.

హెల్త్ డ్రింకు పొడులలో చాలావాటిలో పంచదారే ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటివాటిని 'హెల్త్ డ్రింక్' అనే విభాగంలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది కూడా. డబ్బా వెనక చక్కెర ఎంతో చదవండి. ఆ డబ్బులతో గుడ్లు, వేరుశనగలు, పళ్లు కొనండి. పాలు మంచివే, కానీ ఏడాది దాటాక రోజుకు అర లీటరు మించితే అన్నం తినరు, రక్తం తగ్గుతుంది. దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి ఇప్పటికే రక్తహీనత ఉంది.

ఫోన్ చూపిస్తే తప్ప తినడు. ఏం చేయాలి?

ముందు ఒక సంగతి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మొదటి ఏడాదిలో ఆరేడు కిలోలు పెరిగిన బిడ్డ రెండో ఏడాదిలో రెండు, రెండున్నర కిలోలే పెరుగుతాడు. పెరుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. "ఏడాది దాకా బాగా తిన్నాడు, ఇప్పుడు ముద్ద ముట్టడం లేదు" అని ప్రతి తల్లీ అనేది ఈ వయసులోనే. ఫోన్ చేతికి ఇచ్చేదీ అప్పుడే. బొమ్మ చూస్తూ నోరు తెరిచే బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలియదు. ఆకలి వేయడం, నిండాక ఆపడం అనే తెలివి పుట్టుకతో వస్తుంది. మనం దాన్ని మెల్లగా చెరిపేస్తున్నాం.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో తొలి కాన్పు తల్లులకు నర్సులు ఇంటికెళ్లి, బిడ్డ ఆకలి సైగలు, నిండిన సైగలు గుర్తుపట్టడం, ఏడ్చిన ప్రతిసారీ పాలే ఇవ్వకుండా ఊరుకోబెట్టడం నేర్పారు. మూడేళ్లకు ఆ పిల్లల బరువు లెక్క మిగతావాళ్లకంటే కొద్దిగా మెరుగ్గా ఉంది. మనింట్లో చేయగలిగింది ఇది: ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దవాళ్లు నిర్ణయించాలి, ఎంత తినాలో బిడ్డకు వదిలేయాలి. తల తిప్పుకుంటే ఆపేయండి. మూడు నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది. గిన్నె ఖాళీ అవ్వాల్సిందే అనే పట్టుదల మనదే, బిడ్డది కాదు.

అత్తగారు పిల్ల చిక్కిపోయిందని మళ్లీ మళ్లీ పెడతారు. ఎలా చెప్పాలి?

ఆవిడతో గొడవ పడకండి. ఆవిడ కాలంలో బొద్దుగా ఉన్న బిడ్డ అంటే జ్వరం వచ్చినా బతికి బట్టకట్టే బిడ్డ. ఆ భయం ఊరికే రాలేదు. మేము ఇంటికి వెళ్లినప్పుడు పెరుగుదల గీతను నానమ్మ చేతికే ఇచ్చి, బిడ్డ చుక్క ఎక్కడుందో ఆవిడకే చూపిస్తాం. "చూడండమ్మా, ఈ గీత మీద చక్కగా పోతోంది" అంటే ఆవిడకూ ధైర్యం. కొసరి పెట్టాలన్న ముచ్చటను జామకాయ ముక్కల మీదికో, ఉడికించిన పల్లీల మీదికో మళ్లించమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

నిద్రకూ బరువుకూ ఏమిటి సంబంధం?

ఉంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో జరిగిన అధ్యయనంలో తిండి, ఆటల గురించి మాత్రమే చెప్పిన కుటుంబాల్లో లాభం కనిపించలేదు. పసిబిడ్డ నిద్ర అలవాట్ల మీద సాయం అందిన కుటుంబాల్లో ఊబకాయం తగ్గింది. ఒకటి, రెండేళ్ల పిల్లలకు 11–14 గంటలు, మూడు, నాలుగేళ్లవాళ్లకు 10–13 గంటల నిద్ర కావాలి, పగటి కునుకుతో కలిపి. రాత్రి పదిన్నరకు నాన్న షాపు మూసి వచ్చాక అందరూ కలిసి తిని, టీవీ చూసి పడుకునే ఇళ్లు మనవి. బిడ్డకు ముందుగా తినిపించి పడుకోబెట్టి, నాన్నతో ఆట పొద్దున్నకు మార్చుకోవడం కొన్ని ఇళ్లలో కుదిరింది.

అపార్టుమెంటులో ఆడుకోవడానికి చోటు లేదు. ఎండలు చూస్తే మేలో 40 డిగ్రీలు దాటతాయి. ఏం చేయమంటారు?

మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద మూడు గంటల కదలిక కావాలి, అందులో గంట ఒగర్చేలా. ఒకేసారి అక్కర్లేదు. పొద్దున ఏడులోపు, సాయంత్రం ఆరు దాటాక బయట, మధ్యలో ఇంట్లో గెంతులు, దాగుడుమూతలు. కృష్ణ ఒడ్డున ఘాట్‌లు, రాజీవ్ గాంధీ పార్కు విజయవాడవాళ్లకు ఉన్నాయి సరే, గుంటూరు బ్రాడీపేట సందుల్లో ఉండే తల్లి రోజూ ఎక్కడికి తీసుకెళ్తుంది? సెల్లార్‌లో కార్లు లేని మూల పిల్లలకు వదలమని అపార్టుమెంటు సంఘాన్ని అడగండి. అందరూ కలిసి అడిగితే దొరుకుతుంది.

ఇవన్నీ తల్లులకు అర్థమయ్యేలా చెబితే సరిపోతుంది కదా? ఇంకా పరిశోధనలు ఎందుకు?

చెబితే సరిపోతుందనే ప్రపంచం చాలాకాలం నమ్మింది. సిడ్నీలో నర్సులు రెండేళ్ల పాటు ఇళ్లకు వెళ్లి తల్లులకు నేర్పారు. రెండేళ్లకు పిల్లల బరువులో కొంచెం మంచి తేడా కనిపించింది. సందర్శనలు ఆగిపోయాయి, ఐదేళ్లకు ఆ తేడా లేదు. 2025లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ఇలాంటి ప్రయోగాల్లోని వేలమంది పిల్లల వివరాలను ఒక్కచోట చేర్చి చూసింది. తల్లిదండ్రులకు తొలి ఏడాదిలోపే మొదలుపెట్టి సలహాలు, శిక్షణ ఇచ్చినంత మాత్రాన రెండేళ్ల వయసులో పిల్లల బరువులో తేడా రావడం లేదని తేల్చింది.

ఇది నిరాశపడాల్సిన ఫలితమని నేను అనుకోను. తల్లుల మీద వేసిన నింద తప్పని ఈ ఫలితం చెబుతోంది. తల్లికి తెలుసు. తెలిసి ఏం చేయాలి? బడి గేటు పక్కనే ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు వేలాడుతుంటాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో రాత్రి కూర కర్రీ పాయింట్ నుంచి వస్తుంది, అందులో నూనె ఎంతో మన చేతిలో లేదు. ఆటస్థలంలో కొత్త బ్లాకు లేచింది. వీటిలో ఏదీ బాలింతకు పాఠం చెబితే మారదు.

మార్చగలిగినవి ఉన్నాయి. ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి క్యాంటీన్‌లో గానీ, బడికి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదు. సీబీఎస్ఈ 2025లో బడుల్లో 'షుగర్ బోర్డు'లు, అంటే ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో చూపే బోర్డులు, పెట్టమంది. ఇవి మీ బడి దగ్గర అమలవుతున్నాయా అని తల్లిదండ్రుల సమావేశంలో అడగండి. మా పరిశోధన కూడా అటే తిరగాలని కోరుకుంటున్నాను: ఒక్కో ఇంటి తలుపు తట్టడంతో పాటు వీధిని, బడిని, అంగడిని కొలవాలి. నాన్నలతో మాట్లాడాలి. సరుకులు తెచ్చేది, సాయంత్రం బజ్జీల పొట్లం తెచ్చేది వాళ్లయినప్పుడు మా ఫారాల్లో ప్రశ్నలన్నీ తల్లికే ఎందుకుండాలి?

పాప మెడ వెనక నల్లగా ఉంది. ఎంత రుద్దినా పోవడం లేదు.

రుద్దకండి, అది మురికి కాదు. మెడ, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. డాక్టరుకు చూపించి షుగర్, బీపీ పరీక్షలు చేయించండి. "థైరాయిడ్ ఏమో" అని చాలామంది అడుగుతారు. థైరాయిడ్ వల్ల బరువు పెరిగే బిడ్డ సాధారణంగా ఎత్తు పెరగదు. లావుతో పాటు ఈడుకు మించి పొడుగు ఉంటే తిండి, కదలిక, నిద్ర, వంశం వల్ల వచ్చినదే ఎక్కువసార్లు.

బరువు గురించి పిల్లలతో మాట్లాడొచ్చా?

వాళ్లను "లడ్డూ", "బండోడా" అని పిలవడం ముందు ఆపాలి, చుట్టాలచేత కూడా ఆపించాలి. ఎగతాళికి గురైన పిల్లలు దొంగచాటుగా ఇంకా ఎక్కువ తింటారు, ఆటలకు రారు. ఒక్క బిడ్డకే డైట్ పెట్టి, అన్నకు మాత్రం కూల్‌డ్రింక్ పోస్తే ఆ బిడ్డ మనసు ఏమవుతుంది? మార్పు ఏదైనా ఇంటిల్లిపాదికీ.

మీ అధ్యయనంలో చేరితే ఏం చేస్తారు? రక్తం తీస్తారా? బరువు చూస్తే దిష్టి తగులుతుందంటారు.

ఎత్తు, బరువు, జబ్బ చుట్టుకొలత చూస్తాం, కొన్ని ప్రశ్నలు అడుగుతాం. రక్తం తీసే అధ్యయనాలూ ఉంటాయి. ఏ అధ్యయనంలోనైనా అది ముందే తెలుగులో రాసి ఇవ్వాలి, చదవలేనివారికి సాక్షి ముందు చదివి వినిపించాలి. పాల్గొనేవారికి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఆ సంస్థలో అనుమతి ఇచ్చిందా అని అడిగే హక్కు మీకుంది. మందునో పద్ధతినో పరీక్షించే ప్రయోగమైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా అని కూడా అడగండి. భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల సంతకంతో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల్ని నోటిమాటగా, పన్నెండు దాటినవాళ్లను రాతపూర్వకంగా "నీకు ఇష్టమేనా?" అని అడగాలి. బిడ్డ వద్దంటే వద్దు.

దిష్టి గురించి: కొలత అయ్యాక దిష్టి తీసుకోండి, మాకేం అభ్యంతరం లేదు. అందరి ముందు అంకె గట్టిగా చదవొద్దంటే చదవం, కార్డు మీద రాసి మీ చేతికే ఇస్తాం.

మధ్యలో మానేస్తే ఆసుపత్రిలో వైద్యం ఆపేస్తారా?

ఆపకూడదు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు. దానివల్ల గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో గానీ, మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ, మీ వీధి అంగన్‌వాడీలో గానీ బిడ్డకు అందాల్సిన సేవ ఏదీ తగ్గకూడదు. అప్పటిదాకా తీసుకున్న కొలతల కాపీ మీరు అడిగి తీసుకోండి, తర్వాత చూసే డాక్టరుకు అవి పనికొస్తాయి.